హార్మోన్ రిపోర్టులో ఒక్క అంకెను చూసి కంగారు పడకండి, జంటను చూడండి

మా ల్యాబులో రిపోర్టు చేతికి రాగానే దాదాపు అందరూ చేసే పని ఒకటే. నార్మల్ పరిధి దాటిందని ముదురు నల్లగా ముద్రించిన అంకె ఎక్కడైనా ఉందేమోనని కాగితం పైనుంచి కిందికి వెతుకుతారు. ఉంటే గుండె జారిపోతుంది. లేకపోతే కాగితం మడిచి సంచిలో పెట్టుకుంటారు. హిమోగ్లోబిన్‌కో, చక్కెరకో ఈ పద్ధతి కొంతవరకు సరిపోతుంది. పీయూష (పిట్యూటరీ) గ్రంథి హార్మోన్ల దగ్గర మాత్రం అస్సలు కుదరదు. ఇక్కడ నార్మల్‌గా కనిపించే అంకె వెనక పెద్ద జబ్బు దాగి ఉండవచ్చు, నల్లగా కనిపించే అంకె అసలు జబ్బే కాకపోవచ్చు.

నేను బయోకెమిస్టుని. విజయవాడలో హార్మోన్ పరీక్షల విభాగంలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. జబ్బు ఏమిటో తేల్చడం, మందు రాయడం డాక్టరు పని. ఆ కాగితాన్ని తప్పుగా చదవకుండా ఉండడం ఎలాగో చెప్పడం వరకే నా పని. అదొక్కటి తెలిసినా అనవసరమైన భయం, అనవసరమైన ఖర్చు రెండూ తగ్గుతాయి.

ముందు ఎవరి మాట ఎవరు వింటారో తెలియాలి

మెదడు అడుగున ఉండే హైపోథలామస్ అనే చిన్న భాగం బరువు సుమారు 4 గ్రాములు. దాని కిందే, ముక్కు లోపలి గదులకు కాస్త వెనకగా, పుర్రె ఎముకలోని చిన్న గుంటలో పీయూష గ్రంథి ఉంటుంది. దాని బరువు అర గ్రాము. ఈ రెంటినీ ఒక సన్నని కాడ కలుపుతుంది. పాఠ్యపుస్తకాలు పీయూష గ్రంథికి మాస్టర్ గ్రంథి అనే బిరుదు తగిలించాయి గానీ, నాకు ఆ బిరుదు నచ్చదు. దాని మీదా ఒక పెత్తనం ఉంది. 1950ల మొదట్లో ఇంగ్లండుకు చెందిన జెఫ్రీ హారిస్ ఎలుకల పీయూష గ్రంథిని తీసి వేరేచోట అతికిస్తే అది పని మానేసింది. హైపోథలామస్ కిందే అతికించి, మధ్యలో రక్తనాళాలు మళ్లీ మొలిచేలా చేస్తే తిరిగి పని మొదలుపెట్టింది. అంటే పైనుంచి రక్తంలో ఏదో దిగుతోందన్నమాట. ఆ దిగే పదార్థాన్ని పట్టుకోవడానికి రోజర్ గియ్యెమాన్ గొర్రెల మెదళ్లను, ఆండ్రూ షాలీ పందుల మెదళ్లను లక్షల సంఖ్యలో గాలించారు. 1969లో మొదటిదాని నిర్మాణం తేలింది. చూస్తే అందులో ఉన్నవి మూడే అమైనో ఆమ్లాలు! 1977లో వాళ్లిద్దరికీ నోబెల్ బహుమతిలో సగం వచ్చింది. మిగతా సగం, రక్తంలో లేశమాత్రంగా ఉండే హార్మోన్లను కొలిచే పద్ధతిని రూపొందించిన రోజలిన్ యాలోకు దక్కింది. మా విభాగానికి అన్నం పెట్టిన తల్లి ఆవిడే.

హైపోథలామస్ హార్మోన్లు ఆ కాడలోని చిన్న రక్తనాళాల గుండా పీయూష గ్రంథికి దిగి అక్కడే పని ముగించుకుంటాయి. చేతి నరం నుంచి తీసిన రక్తంలో వాటిని కొలిచి ప్రయోజనం లేదు. అందుకే మీ రిపోర్టులో వాటి పేర్లు కనిపించవు. కింది రెండు అంతస్తులను చూసి పై అంతస్తు సంగతి ఊహించుకోవాలి. ఆ రెండు అంతస్తులే నేను చెప్పే జంట: పీయూష గ్రంథి ఇచ్చే ఆజ్ఞ ఒకటి, దానికి కింది గ్రంథి ఇచ్చే జవాబు మరొకటి.

టీఎస్‌హెచ్ ఆజ్ఞ అయితే థైరాయిడ్ ఇచ్చే టీ4 జవాబు. ఏసీటీహెచ్ ఆజ్ఞ, కిడ్నీల మీద ఉండే అడ్రినల్ గ్రంథి ఇచ్చే కార్టిసాల్ జవాబు. ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్‌లు ఆజ్ఞలు, స్త్రీలలో అండాశయం ఇచ్చే ఈస్ట్రడయోల్ (ప్రధాన ఈస్ట్రోజెన్), పురుషులలో వృషణాలు ఇచ్చే టెస్టోస్టిరోన్ జవాబులు. గ్రోత్ హార్మోన్‌కు జవాబు ఎక్కువగా కాలేయం నుంచి వస్తుంది, దాని పేరు ఐజీఎఫ్-1. జవాబు సరిపడా అందితే పీయూష గ్రంథి, హైపోథలామస్ రెండూ ఆజ్ఞను తగ్గించుకుంటాయి. చాలకపోతే పెంచుతాయి.

వీధిలో ఆడుకుంటున్న పిల్లవాడిని అమ్మ అన్నానికి పిలుస్తోందనుకోండి. వాడు రాకపోతే ఆమె గొంతు పెరుగుతుంది, వస్తే ఆపేస్తుంది. టీఎస్‌హెచ్ అంటే ఆ గొంతు స్థాయి. ఈ పోలికతో నాలుగు రకాల రిపోర్టులనూ చదవవచ్చు. ఆజ్ఞ ఎక్కువ, జవాబు తక్కువ అంటే పిల్లవాడు వినడం లేదు, లోపం కింది గ్రంథిలో ఉంది. ఆజ్ఞ తక్కువ, జవాబు ఎక్కువ అంటే వాడు పిలవకుండానే వచ్చి కంచం ముందు కూర్చున్నాడు, అంటే కింది గ్రంథి సొంతంగా చెలరేగుతోంది, లేదా ఆ హార్మోన్‌ను బయటి నుంచి మింగుతున్నారు. రెండూ ఎక్కువగా ఉంటే, వాడు వచ్చినా అమ్మ అరుస్తూనే ఉంది. ఇది అరుదు, పైన కణితి ఉందేమో డాక్టరు చూస్తారు. ఇక నాలుగోది, అందరి కళ్లూ దాటిపోయేది: వాడు రాలేదు, అమ్మ గొంతు కూడా పెరగలేదు. జవాబు తక్కువగా ఉన్నా ఆజ్ఞ తక్కువగానో, నార్మల్‌గానో ఉండిపోయింది. అప్పుడు ఆ నార్మలే జబ్బు.

థైరాయిడ్ జంట

టీఎస్‌హెచ్ నార్మల్ పరిధి సాధారణంగా లీటరుకు 0.4 నుంచి 4 మిల్లీ యూనిట్ల దాకా ఉంటుంది. ల్యాబును బట్టి, వయసును బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది. కౌంటరు దగ్గర నన్ను ఆపి అడిగేవాళ్లలో ఎక్కువ మంది ఈ ఒక్క అంకె గురించే అడుగుతారు. "మేడమ్, పోయినసారి 6, ఇప్పుడు 12. జబ్బు రెట్టింపయిందా?" కాదు. టీ4లో చిన్న మార్పు వచ్చినా టీఎస్‌హెచ్ అనేక రెట్లు ఎగిరిపడుతుంది. టీ4 సగానికి తగ్గితే టీఎస్‌హెచ్ వంద రెట్ల దాకా పెరగవచ్చు. అది అంత సున్నితమైన గొంతు కాబట్టే ముందుగా దాన్ని కొలుస్తాం. అంతేగాని ఆ అంకె జబ్బు తీవ్రతకు కొలబద్ద కాదు. తీవ్రత తెలియాలంటే పక్కన ఫ్రీ టీ4, అంటే రక్తంలో ప్రొటీన్లకు అతుక్కోకుండా విడిగా తిరిగే టీ4 చూడాలి.

థైరాయిడ్ మాత్ర మోతాదు మార్చిన పది రోజులకే పరీక్షకు వచ్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. టీ4 రక్తంలో సగానికి తగ్గడానికే వారం రోజులు పడుతుంది. కొత్త మోతాదు కుదురుకోవాలి, ఆ మార్పును పీయూష గ్రంథి గమనించి తన గొంతు సర్దుకోవాలి. ఇందుకు ఆరు నుంచి ఎనిమిది వారాలు కావాలి. అంతకు ముందు చేయించే టీఎస్‌హెచ్‌కు డబ్బులు దండగ.

రక్తం ఇచ్చే రోజున థైరాయిడ్ మాత్ర రక్తం ఇచ్చాకే వేసుకోండి. ముందే వేసుకుంటే కొన్ని గంటలపాటు ఫ్రీ టీ4 కాస్త ఎక్కువగా కనిపిస్తుంది. టీఎస్‌హెచ్ రాత్రిపూట పెరిగి మధ్యాహ్నానికి తగ్గుతుంది కాబట్టి ప్రతిసారీ ఇంచుమించు ఒకే వేళకు రండి. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వాడుతుంటే తప్పక చెప్పండి. మనిషికి రోజుకు కావలసింది 30 మైక్రోగ్రాములే అయినా, ఆ మాత్రల్లో 5 వేలు, 10 వేల మైక్రోగ్రాములు ఉంటాయి. మా యంత్రాల్లో కొన్ని పరీక్షలు బయోటిన్ ఆధారంగానే పనిచేస్తాయి. రక్తంలో అది ఎక్కువగా ఉంటే టీఎస్‌హెచ్ లేనిపోని తక్కువగా, టీ4 లేనిపోని ఎక్కువగా వస్తాయి. ఏ జబ్బూ లేని మనిషికి థైరాయిడ్ ఉధృతంగా ఉన్నట్టు రిపోర్టు తయారవుతుంది! కనీసం రెండు రోజుల ముందు ఆపి రండి, మోతాదు పెద్దదైతే ఎన్నాళ్లు ఆపాలో అడగండి.

గర్భం దాల్చిన మొదటి మూడు నెలల్లో టీఎస్‌హెచ్ తగ్గితే వెంటనే బెంబేలెత్తకండి. మాయ నుంచి వచ్చే హెచ్‌సీజీ హార్మోన్ థైరాయిడ్‌ను కొంచెం తట్టి లేపుతుంది, దాంతో పీయూష గ్రంథి గొంతు తగ్గించుకుంటుంది. డాక్టరు ఆ నెలల పరిధితోనే పోల్చి చూస్తారు.

నార్మల్ అంకె వెనక దాగినవాళ్లు

తక్కువ ధర ఆరోగ్య ప్యాకేజీల్లో చాలావాటిలో టీఎస్‌హెచ్ ఒక్కటే ఉంటుంది. థైరాయిడ్ గ్రంథిలోనే లోపం ఉన్నవాళ్లకు అది చాలు. పీయూష గ్రంథే దెబ్బతిన్నవాళ్లకు అది మోసం చేస్తుంది. మా ప్రాంతం వాళ్లు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవలసిన రెండు సందర్భాలు ఉన్నాయి.

మొదటిది కాన్పు. గర్భంతో ఉన్నప్పుడు పీయూష గ్రంథి పెరుగుతుంది, రక్తం ఎక్కువగా కోరుతుంది. కాన్పులో విపరీతంగా రక్తం పోయి బీపీ పడిపోతే, పెరిగిన ఆ గ్రంథికి రక్తం అందక కొంత భాగం చచ్చిపోవచ్చు. 1937లో హెరాల్డ్ షీహాన్ దీన్ని వివరించాడు కాబట్టి షీహాన్ సిండ్రోమ్ అంటారు. బిడ్డకు పాలు పడకపోవడం, నెలసరి మళ్లీ రాకపోవడం, చంకల్లో వెంట్రుకలు రాలిపోవడం, ఎప్పుడూ నీరసం, చలి. ఇంట్లోవాళ్లు "కాన్పు తర్వాత మనిషి మారిపోయింది" అంటూ ఏళ్లు గడిపేస్తారు. టీఎస్‌హెచ్ చేయిస్తే నార్మల్‌గానే రావచ్చు. ఫ్రీ టీ4 కూడా కలిపి చేయిస్తే అసలు సంగతి బయటపడుతుంది.

రెండోది రక్తపింజర కాటు. పొలాల్లో కాటు పడి, కిడ్నీలు దెబ్బతిని, డయాలసిస్ దాకా వెళ్లి బతికి బయటపడ్డ వాళ్లలో కొందరికి పీయూష గ్రంథి కూడా దెబ్బతింటుంది. బర్మాలోను, దక్షిణ భారతదేశంలోను వైద్యులు దీన్ని నమోదు చేశారు. నెలల తర్వాత, కొన్నిసార్లు ఏళ్ల తర్వాత బయటపడుతుంది. ఇంట్లో అలాంటివారు ఉండి, నీరసం తగ్గకపోయినా, రక్తంలో సోడియం మాటిమాటికీ పడిపోతున్నా, పాము కాటు సంగతి డాక్టరుకు మీరే గుర్తుచేయండి. వయసులో ఉన్న మగవాడికి గడ్డం పలచబడినా అంతే. ఎన్నడో జరిగిన కాటుకు, ఈనాటి నీరసానికి సంబంధం ఉంటుందని ఎవరికీ తోచదు.

ఇలా ఆజ్ఞ లోపించిన మనిషికి టీ4 తక్కువగా ఉందని వెంటనే థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టకూడదు. ముందు ఉదయం కార్టిసాల్ చూడాలి. అది కూడా తక్కువగా ఉన్న శరీరానికి థైరాక్సిన్ (టీ4 మాత్ర) ఒక్కటే ఇస్తే మిగిలిన కొద్దిపాటి కార్టిసాల్ మరింత వేగంగా ఖర్చయిపోయి ప్రాణం మీదికి వస్తుంది. మొదట స్టెరాయిడ్, తర్వాత థైరాక్సిన్. ఈ వరుస తప్పకూడదు.

కార్టిసాల్: వేళ లేని అంకెకు అర్థం లేదు

కార్టిసాల్ ఉదయం ఎనిమిది గంటల ప్రాంతంలో శిఖరానికి చేరుతుంది, అర్ధరాత్రికి అట్టడుగుకు పోతుంది. సాయంత్రం నాలుగింటికి ఇచ్చిన రక్తాన్ని ఉదయపు పరిధితో పోల్చి తక్కువగా ఉందని భయపడేవాళ్లు తరచూ కనిపిస్తారు. ఉదయం ఎనిమిది, తొమ్మిది మధ్య తీసిన నమూనాలో డెసిలీటరుకు 3 మైక్రోగ్రాముల కంటే తక్కువ వస్తే లోపం ఉందని గట్టి అనుమానం. 18 దాటితే లోపం లేనట్టే అనుకోవచ్చు. మధ్యలో వస్తే ఏసీటీహెచ్ ఇంజెక్షన్ చేసి జవాబు ఎలా ఉందో చూసే పరీక్ష ఉంటుంది.

ఏసీటీహెచ్ కొలవాలంటే మాకూ కంగారే. అది రక్తంలో నిమిషాల్లో కరిగిపోతుంది. రక్తం గడ్డకట్టకుండా ఆపే ఈడీటీఏ ఉన్న గొట్టంలో తీసి, మంచులో పెట్టి, వెంటనే యంత్రంలో గిరగిరా తిప్పి ప్లాస్మాను వేరుచేయాలి. ఇంటికొచ్చి రక్తం తీసుకుని బండి మీద ఊరంతా తిరిగి ల్యాబుకు చేర్చే ఏర్పాటు దీనికి పనికిరాదు. ఈ ఒక్క పరీక్షకు ల్యాబుకే రండి.

ఇక్కడ అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది స్టెరాయిడ్ మాత్రల ప్రభావం. మోకాళ్ల నొప్పులకో, ఆయాసానికో, దురదకో చీటీ లేకుండా కొనుక్కుని నెలల తరబడి మింగుతారు. బయటి నుంచి జవాబు అందుతూనే ఉంటే పైవాళ్లు ఆజ్ఞ ఇవ్వడం మానేస్తారు, అడ్రినల్ గ్రంథి కుంచించుకుపోతుంది. ఒకరోజు మాత్ర ఆపేస్తారు. వాంతులు, బీపీ పడిపోవడం, కళ్లు తిరగడం మొదలవుతాయి. కాబట్టి వారాల తరబడి వాడిన స్టెరాయిడ్‌ను సొంతంగా ఆపకండి, డాక్టరు మెల్లగా తగ్గిస్తారు. పరీక్షకు ముందు ఆ మాత్ర పేరు మాకు కూడా చెప్పండి. ప్రెడ్నిసొలోన్ మా పరీక్షలో కార్టిసాల్‌లా నటించి అంకెను పెంచేస్తుంది. డెక్సామెథసోన్ అలా నటించదు, అసలు కార్టిసాల్‌ను అణిచి అంకెను కిందికి లాగేస్తుంది.

ప్రొలాక్టిన్: తిరగబడిన లెక్క

మిగతా హార్మోన్లను హైపోథలామస్ ప్రధానంగా ఉసిగొల్పుతుంది. పాలు పడేలా చేసే ప్రొలాక్టిన్‌ను మాత్రం డోపమిన్ అనే రసాయనం పంపి నిరంతరం అదిమిపెడుతుంది. ఆ అదుపు సడలితే చాలు, ప్రొలాక్టిన్ పెరుగుతుంది. డోపమిన్‌ను అడ్డుకునే మందు ఏదైనా ఈ పని చేయగలదు. మన దగ్గర చాలామంది వాడే గ్యాస్ మాత్రల్లో డోంపెరిడోన్‌నో, లెవోసల్పిరైడ్‌నో కలిపి ఉంటారు. నెలసరి తప్పింది, రొమ్ముల నుంచి పాలు వస్తున్నాయి అని పరీక్షకు వచ్చిన ఆడవాళ్లను నేను మొదట అడిగేది గ్యాస్ మాత్ర గురించే. మానసిక సమస్యలకు వాడే రిస్పెరిడోన్ వంటివి కూడా ఈ జాబితాలోనివే. వాటిని మాత్రం సొంతంగా ఆపకండి.

ల్యాబు మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చి వెంటనే చేయి చాచకండి. కంగారు, సూది నొప్పి, శ్రమ, నిద్ర అన్నీ ప్రొలాక్టిన్‌ను పెంచుతాయి. నిద్ర లేచిన రెండు మూడు గంటల తర్వాత రండి, ఇరవై నిమిషాలు కూర్చోండి. నార్మల్ పై హద్దు సాధారణంగా మిల్లీలీటరుకు 25 నానోగ్రాముల ప్రాంతంలో ఉంటుంది. 40, 50 వస్తే ముందు మళ్లీ చేయించుకోండి. పక్కన గర్భపరీక్ష, టీఎస్‌హెచ్ ఉండాలి, ఎందుకంటే థైరాయిడ్ బాగా తగ్గినప్పుడు పైనుంచి దిగే ఆజ్ఞ ప్రొలాక్టిన్‌ను కూడా లేపుతుంది. 200 దాటితే ప్రొలాక్టిన్ తయారుచేసే కణితి ఉండే అవకాశం ఎక్కువ. కణితి అనగానే ఆపరేషన్ అనుకోకండి. వీటిలో చాలావరకు కాబర్‌గోలిన్ మాత్రలతోనే కుంచించుకుపోతాయి.

ఇంకొక మెలిక. ఎమ్మారైలో పెద్ద కణితి కనిపించి ప్రొలాక్టిన్ మాత్రం కొద్దిగానే పెరిగి ఉంటే, నమూనాను పలచన చేసి మళ్లీ కొలవమని డాక్టరు మాకు రాస్తారు. హార్మోన్ మరీ ఎక్కువైతే పరీక్ష ఉక్కిరిబిక్కిరై తక్కువ అంకె చూపిస్తుంది. పలచన చేసినా తక్కువే వస్తే, ఆ కణితి ప్రొలాక్టిన్‌ది కాకపోవచ్చు. కాడను నొక్కి డోపమిన్ దిగకుండా అడ్డుపడుతోందన్నమాట. ఆ రెంటికీ చికిత్స వేరు.

నెలసరి, సంతానం

ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్‌లను నెలసరి రెండో రోజునో, మూడో రోజునో ఈస్ట్రడయోల్‌తో కలిపి చేయించండి. రోజు రాయని రిపోర్టు దాదాపు దండగ. నెల మధ్యలో అండం విడుదలకు ముందు ఈస్ట్రోజెన్ పెరిగినప్పుడు, మామూలుగా అణచవలసినది పోయి ఎల్‌హెచ్‌ను ఒక్కసారిగా ఎగదోస్తుంది. ఆ రోజు తీసిన రక్తాన్ని చూసి ఎవరైనా హడలిపోతారు. గర్భనిరోధక మాత్రలు వాడుతుండగా చేసిన పరీక్షకు అర్థమే లేదు.

బాగా బరువు తగ్గిన అమ్మాయికో, పోటీల కోసం విపరీతంగా సాధన చేసే అమ్మాయికో నెలసరి ఆగి, ఈస్ట్రడయోల్ తక్కువగా, ఎఫ్‌ఎస్‌హెచ్ నార్మల్‌గా వచ్చిందంటే, ఇందాకటి నాలుగో రకం గుర్తుచేసుకోండి. తిండి చాలడం లేదని హైపోథలామస్ పై నుంచే ఆపేసింది. అండాశయం బాగానే ఉంది.

జిమ్‌లో టెస్టోస్టిరోన్ ఇంజెక్షన్లు తీసుకునే కుర్రాళ్ల రిపోర్టు దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ రెండూ సున్నా దగ్గర ఉంటాయి. కండలు పెరుగుతుంటాయి, లోపల వీర్యకణాలు తగ్గిపోతుంటాయి. పెళ్లయ్యాక సంతానం కోసం వచ్చినప్పుడు ఆ ఇంజెక్షన్ల సంగతి భార్య ముందు దాచిపెడతారు. డాక్టరు దగ్గర మాత్రం దాచకండి. మామూలుగా టెస్టోస్టిరోన్ చేయించేవాళ్లు ఉదయాన్నే పరగడుపున రండి. తక్కువ వస్తే మరో రోజు మళ్లీ చేయించండి.

గ్రోత్ హార్మోన్ గురించి ఒక్క మాట చాలు. అది ఉండుండి పొంగుతుంది, కాబట్టి ఏదో ఒక వేళ తీసిన అంకెతో ఏమీ తెలియదు. పెద్దవాళ్లలో చెప్పుల సైజు, ఉంగరం సైజు పెరుగుతుంటే, ఆ హార్మోన్ ఎక్కువైందేమోనని వయసును బట్టి ఐజీఎఫ్-1 చూస్తారు.

అంకెల కోసం ఆగకూడని సందర్భాలు

ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి, దానితో చూపు మసకబారడం లేదా రెండుగా కనిపించడం, వాంతులు వస్తే పీయూష గ్రంథిలో రక్తస్రావం అయి ఉండవచ్చు. వెంటనే పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి. నెలల మీద నెమ్మదిగా రెండు పక్కల చూపు తగ్గి, బండి నడుపుతుంటే పక్కనుంచి వచ్చేవి కనిపించకపోతే, కంటి డాక్టరు చేత చూపు విస్తీర్ణ పరీక్ష చేయించండి. కళ్ల నరాలు కలిసే చోటు ఆ గ్రంథికి సరిగ్గా పైనే ఉంది. చక్కెర నార్మల్‌గా ఉన్నా రోజుకు మూడు లీటర్లకు మించి మూత్రం పోస్తూ, రాత్రంతా నీళ్లు తాగుతూ ఉంటే, నీటిని పట్టి ఉంచే వాసోప్రెసిన్ లోపం అనుమానించాలి. దాన్ని తయారుచేసేది హైపోథలామసే, పీయూష గ్రంథి వెనక భాగం నిల్వ చేసి వదులుతుంది. ఆ పరీక్షకు నీళ్లు మానేసే ప్రయోగం ఇంట్లో చేయకండి, ఆసుపత్రిలో ఉంచి చేస్తారు.

ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) దగ్గరికి వెళ్లేముందు రిపోర్టు మీద పెన్నుతో కొన్ని వివరాలు రాసుకోండి: రక్తం ఇచ్చిన గంట, చివరి మాత్ర వేసుకున్న గంట, ఆడవాళ్లయితే నెలసరి ఎన్నో రోజు. వాడే మాత్రల అట్టలన్నీ, గ్యాస్‌వి, జుట్టువి, నొప్పులవి కూడా, ఒక కవరులో వేసుకుని వెళ్లండి. పాత రిపోర్టులు తేదీల వరుసలో పెట్టండి, వీలైతే ఒకే ల్యాబువి. మా బంధువులు ఇప్పటికీ ఈ వివరాలేవీ లేకుండా టీఎస్‌హెచ్ వరుస ఒక్కటే కనిపించేలా ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుతుంటారు. వాటికి నేను జవాబు ఇవ్వను.